దండం వదిలిన గోలు

మా షాపులో కుర్చీలు రెండు, అద్దం ఒకటే. ఆ అద్దం గోడ పొడుగునా ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాడి మొహమే కాదు, వెనక బెంచీ మీద వంతు కోసం చూసేవాళ్ళ మొహాలు కూడా అందులో కనబడతాయి. క్షవరం చేసేవాడు వెనక్కి తిరగక్కర్లేదు. నేను తిరగను. మాట్లాడను కూడా. "నోట్లో నీళ్ళు పోసుకుని గానీ కత్తి పట్టుకోడు మా అన్న" అంటాడు ఎప్పుడూ వచ్చే బస్సు కండక్టరు.

షాపు ఫుట్‌బాల్ గ్రౌండు గేటుకి ఎదురుగా ఉంది. మా క్లబ్బు గెలిచిన రోజు జనం అరుచుకుంటూ నేరుగా ఇళ్ళకి పోతారు. ఓడిన రోజు నా దగ్గరికి వస్తారు. ఆ మొహం ఇంట్లోవాళ్ళకి చూపించేముందు కాస్త బాగుచేయించుకుందామని కాబోలు. క్లబ్బు పుణ్యమా అని నా కుర్చీలు ఎప్పుడూ చల్లబడలేదు.

ఏడాదికోసారి, సీజన్ ఆఖరి మ్యాచ్ అయ్యాక, ఇక్కడ తీర్పు జరుగుతుంది. మా క్లబ్బుకి ఇన్నాళ్ళలో ఆడిన గోల్‌కీపర్లందరిలోకీ చెత్త గోల్‌కీపర్ ఎవడు అని. తీర్పు పెద్దలు ముగ్గురు. సిటీ బస్సు కండక్టరు, స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, కరెంటు లైన్‌మ్యాన్. మిగతావాళ్ళు గుమ్మంలో, మెట్ల మీద నిలబడతారు.

నోటితో చెప్తే చెల్లదు. అది వాళ్ళు పెట్టుకున్న రూలు. గోల్‌కీపరు వదిలిన గోలుని చేసి చూపించాలి. బెంచీ పక్కకి లాగి, రెండు నీళ్ళ సీసాలు పోస్టుల్లా నిలబెడతారు. తడి తువ్వాలు ఉండ చుడితే అదే బంతి. ఎవరి నటనకి ఎక్కువ నవ్వు వస్తే వాళ్ళు చెప్పిన గోల్‌కీపరు నెగ్గినట్టు. నెగ్గిన గోల్‌కీపరుకి బహుమానం అద్దం పక్క మేకుకి వేలాడుతుంది. పాత గోలు వల ముక్క, మధ్యలో తలకాయ పట్టేంత చిల్లు. దాని పైన గోడ మీద సుద్దతో వాడి పేరు రాస్తారు.

అసలు పేర్లు ఎవరికీ గుర్తులేవు. పెట్టుడు పేర్లే. అత్తగారు అని ఒకడుండేవాడు. ముందు ఆడేవాళ్ళందరినీ తిట్టిపోయడమే తప్ప తన పని తను చేసేవాడు కాదు. పెళ్ళికొడుకు అని ఇంకొకడు. జుట్టు సర్దుకుంటూ ఉండగా గోలు పడిపోయింది. ఆ తర్వాత సోడాబుడ్డి. కళ్ళజోడు తీసేసి ఆడి, బంతి అనుకుని రెఫరీ బట్టతల పట్టుకున్నాడని చెప్పుకుంటారు. లైన్‌మ్యాన్ అది చేసి చూపించేటప్పుడు తల ఎప్పుడూ మాస్టారిదే.

"మాస్టారూ, కదలకండి. మీ తల లేకపోతే ఈ గోలుకి అందమే లేదు."

"పట్టుకో నాయనా పట్టుకో. నీ చేతికి కరెంటు తీగ అందదు గానీ నా తల అందుతుంది."

ఎంతమంది వచ్చినా చివరికి లేచేది కండక్టరు. అతను లేచాడంటే అది దండం కోసమే. అందరూ సర్దుకుని కూర్చుంటారు.

దండం ఒక్క సీజనే ఆడాడు. ఆఖరి మ్యాచ్‌లో డ్రా చేసుకున్నా చాలు, క్లబ్బు పై డివిజన్‌లోనే నిలబడేది. ఆట ముగిసే ముందు దండం ఒక గోలు వదిలాడు. క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయింది. మళ్ళీ పైకి వచ్చేసరికి మా వెంట్రుకలు నెరిసిపోయాయి.

బస్సులో చూస్తే కండక్టరు అలిసిపోయిన మనిషి. సీసాల మధ్య నిలబడగానే వేరే మనిషి. మోకాళ్ళు వంచుతాడు. నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తాడు. తువ్వాలు ఉండ చంక కిందనుంచి వెనక్కి దూరిపోతుంది. అది గోడకి తగిలి కిందపడ్డాక, అప్పుడు తాపీగా, రెండు చేతులూ కలిపి ఠప్పుమని చప్పట. ఇక ఆ చేతులు విడవ్వు. అలాగే కూలబడి, గోలు వేసినవాడికి దండం పెడుతూ, "మళ్ళీ దయచేయండి" అంటాడు. షాపు నవ్వులతో పగిలిపోతుంది. నురగ మొహంతో ఉన్నవాడు కూడా నవ్వుతాడు, నేను కత్తి పైకెత్తి ఆగుతాను.

ఆ మ్యాచ్ నేనూ చూశాను. కానీ ఇప్పుడు తలుచుకుంటే నాకు కండక్టరే కనబడతాడు.

దండం నా బావమరిది. నా భార్యకి తోడబుట్టిన తమ్ముడు. ఈ వీధిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. షాపు ఇక్కడికి మార్చింది ఆ గోలు పడిన తర్వాత. అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు.

మా ఇల్లు షాపు వెనకే. మధ్యలో ఒక్క గోడ. తీర్పు జరిగే రోజు మా ఆవిడ వెనక బండ మీద బట్టలు ఉతుకుతుంది. మాసినవి లేకపోతే ఉతికినవే మళ్ళీ ఉతుకుతుంది. కండక్టరు సీసాల మధ్య నిలబడ్డప్పుడు ఆ దెబ్బలు ఇంకా గట్టిగా పడతాయి. "మీ ఇంట్లో బట్టలు ఏం పాపం చేశాయన్నా?" అని లైన్‌మ్యాన్ ఒకసారి అడిగాడు.

ఆ గోలు తర్వాత బావమరిది ఊరు విడిచిపోయాడు. ఎక్కడో కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేశాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మొన్న ఆ కోల్డ్ స్టోరేజీ మూతపడింది. "ఇక్కడికి రా, నేను చచ్చానా?" అని మా ఆవిడ కబురు పంపింది. ఒక చేతిసంచీతో వచ్చాడు. వెనక గదిలో నులకమంచం వేసింది. వాడు వచ్చిన దగ్గర్నుంచీ వెనక సందులోంచే బయటికి వెళ్ళేవాడు, వెనక సందులోంచే వచ్చేవాడు.

"నా తమ్ముడు దొంగా?" అంది మా ఆవిడ. "ముందు గుమ్మంలోంచి నడవాలి వాడు. ఆ దిక్కుమాలిన వల తీసి అవతల పారెయ్. ఈ ఏడు ఆ భాగోతం నీ షాపులో జరగడానికి వీల్లేదు. చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తాను" అన్నాను.

వల తీసి తువ్వాళ్ళ పెట్టెలో అడుగున పెట్టాను. గోడ మీద పేరు తుడిచాను. వాళ్ళకి చెప్పడం మాత్రం కాలేదు. రోజూ ఒకళ్ళో ఇద్దరో కుర్చీలో కూర్చునేవాళ్ళు. గొంతు దాకా వచ్చేది. ఈలోగా గడ్డం అయిపోయేది.

ఆఖరి మ్యాచ్ రోజు పొద్దున్న బావమరిది నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "బావా, ఇవాళ మ్యాచ్ అయ్యాక నాకు గడ్డం గీస్తావా? వాళ్ళుండగానే."

నేను వాడి మొహంలోకి చూశాను.

"ఆ కుర్చీలో కూర్చుని, వాళ్ళనేది విని, లేచి ముందు గుమ్మంలోంచి బయటికి రాగలిగితే ఇక్కడే ఉంటాను బావా. లేకపోతే రేపు పొద్దున్న బస్సు ఎక్కేస్తా. అక్కకి చెప్పకు."

సరే అన్నాను.

సాయంత్రం గేట్లోంచి జనం బయటికి వచ్చిన తీరు చూస్తేనే తెలిసిపోయింది. క్లబ్బు మళ్ళీ పడిపోయింది, కింది డివిజన్‌కి. బావమరిది అప్పటికే కుర్చీలో ఉన్నాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, కళ్ళ కిందదాకా నురగ పట్టించాను. వాళ్ళు ముగ్గురూ తిట్టుకుంటూ లోపలికి వచ్చారు.

"కళ్ళు మూసుకున్నాడు మాస్టారూ! బంతి వస్తుంటే కళ్ళు మూసుకున్నాడు!" లైన్‌మ్యాన్ చెప్పులు విసిరేశాడు. "పిల్లి పాలు తాగేటప్పుడు మూసుకున్నట్టు! వీడి పేరు ఇవాళ్టినుంచి పిల్లి."

"వాడు చూడకపోతే బంతి కూడా వాణ్ణి చూడదనుకున్నాడు" అన్నారు మాస్టారు. "లాజిక్ ఉంది."

"వల ఈ ఏడు పిల్లిదే. దండం ఇక రిటైర్ అవ్వాలి."

"దండాన్ని రిటైర్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదురా" అన్నాడు కండక్టరు, సీసాల్లో నీళ్ళు తొట్లో ఒంపేస్తూ.

వెనక బండ మీద దెబ్బలు మొదలయ్యాయి.

లైన్‌మ్యాన్ పిల్లిని చేసి చూపించాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, తువ్వాలు ఉండ నుదుటికి తగిలాక "ఎవరూ?" అన్నాడు. బాగానే నవ్వారు. తర్వాత కండక్టరు లేచాడు. ఎన్నేళ్ళుగానో చేసిందే మళ్ళీ చేశాడు. నోరు తెరిచి ఆకాశం, చంక కింద బంతి, ఆలస్యంగా చప్పట, కూలబడడం. "మళ్ళీ దయచేయండి." ఓడిన కసి కూడా కలిసిందేమో, ఎప్పటికంటే ఎక్కువ నవ్వారు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

నా వేళ్ళ కింద బావమరిది దవడ బిగుసుకుంది. నేను కత్తి తీసేశాను. అప్పటికి ఒక చెంప అయింది.

"చేతులు అలా కలవలేదు" అన్నాడు.

నవ్వు ఆగింది. "ఎవరు పెద్దాయనా మీరు?" అన్నాడు లైన్‌మ్యాన్. "ఆ మ్యాచ్ చూశారా?"

"చూశాను."

"ఏ స్టాండులోంచి?"

"దగ్గర్నుంచే."

"అయితే రండి! నోటితో చెప్తే చెల్లదు ఇక్కడ. చేసి చూపించాలి." లైన్‌మ్యాన్ వాడి చెయ్యి పట్టుకుని లేపాడు. గుమ్మంలోవాళ్ళు ఈలలు వేశారు.

మెడకి గుడ్డతో, సగం మొహం నురగతో వాడు సీసాల మధ్యకి వెళ్ళాడు. ముసలి మోకాళ్ళు. లైన్‌మ్యాన్‌ని భుజాలు పట్టుకుని తనే కుర్చీ పక్కన నిలబెట్టాడు.

"నువ్వు బ్యాక్, కీపరు ముందు అడ్డం కాసేవాడివి. గోలు వైపుకి పరిగెడుతున్నావు. బంతి నీ ముందే పడుతోంది. తన్నేస్తే పీడాపోతుంది. తన్నబోతున్నావు. అప్పుడు వెనకనుంచి కీపరు కేక." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "నాదీ! వదిలెయ్! నాదీ!"

ఆ కేకకి అద్దం దగ్గర దువ్వెనలు కదిలినట్టయింది. వాచ్‌మన్ గొంతు కాదది. వెనక బండ మీద దెబ్బలు ఆగిపోయాయి.

"ఆ బ్యాక్ కాలు వెనక్కి తీసేసుకున్నాడు. కీపరు మాట మీద. బంతి బురదలో పడి పక్కకి లేచింది. అటు." వాడి ఎడమచెయ్యి చాచుకుంటూ పోయింది, వేళ్ళు విప్పుకున్నాయి, ఒళ్ళంతా ఆ వేళ్ళ వెనకే వెళ్ళింది. "తగిలింది. ఈ రెండు వేళ్ళకి. ఆగలేదు." మెల్లిగా మోకాళ్ళ మీదికి దిగాడు. అప్పుడు చేతులు జోడించాడు, లైన్‌మ్యాన్ వైపు తిరిగి. "దండం బంతి పోయాక పెట్టింది. గోలు వేసినవాడికి కాదు. నమ్మి వదిలేశాడు చూడండి, వాడికి."

ఎవరూ నవ్వలేదు. నురగ వాడి గడ్డం మీంచి జారి మోకాలి మీద పడింది. మాస్టారు కిందికి చూశారు.

నేను అద్దంలో కండక్టరుని చూస్తున్నాను. ఆ కేక వినగానే అతని మొహం పాలిపోయింది. ఆ మ్యాచ్ రోజున అతను చిన్నవాడు, గోలు వల వెనకే నిలబడ్డాడని ఎన్నోసార్లు చెప్పాడు. ఆ గొంతు అంత దగ్గర్నుంచి విన్నవాడు ఈ షాపులో అతనొక్కడే. మోకాళ్ళ మీదున్న మనిషి వంక, ఆ రెండు వేళ్ళ వంక చూశాడు. తర్వాత తలెత్తితే అద్దంలో నా కళ్ళు ఎదురయ్యాయి. నాకు తెలుసని అతనికి తెలిసింది. అతనికి తెలిసిందని నాకు తెలిసింది.

"బాగానే ఉంది పెద్దాయనా" అన్నాడు కండక్టరు. "కానీ అలా జరగలేదు. నేను వల వెనకే ఉన్నాను. నా కళ్ళతో చూశాను. చప్పటే కొట్టాడు."

"అయినా ఇందులో నవ్వేముంది?" అన్నాడు లైన్‌మ్యాన్, ఊపిరి తీసుకుని. "ఏడుపొచ్చేలా ఉంది."

"తీర్పు నవ్వు మీదే కదా" అన్నారు మాస్టారు. "కండక్టరుదే."

బావమరిది సీసా పట్టుకుని లేవబోయాడు. సీసా పడిపోయింది. నేను వెళ్ళి లేపాను. "నిజమే. నవ్వు లేదు" అన్నాడు వాడు, ఎవరితోనూ కాకుండా. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "కానియ్యి" అన్నాడు నాతో.

ఇతనే దండం. ఆ రెండు మాటలు నా నాలుక మీదే ఉన్నాయి. షాపంతా నిశ్శబ్దంగా ఉంది, అంతకంటే మంచి సమయం రాదు. నేను రెండో చెంప గీయడం మొదలుపెట్టాను.

"వల ఏదన్నా?" అని అడిగాడు లైన్‌మ్యాన్, ఖాళీ మేకు చూసి.

కుర్చీలోంచి బావమరిదే చెప్పాడు. "తువ్వాళ్ళ పెట్టెలో చూడండి. అడుగున."

కండక్టరు వల తీసి మేకుకి తగిలించాడు. పైన సుద్దతో దండం అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. అద్దం వైపు మాత్రం చూడలేదు.

బావమరిది మొహం తుడుచుకుని ముందు గుమ్మంలోంచే బయటికి నడిచాడు. జనం తప్పుకుని దారి ఇచ్చారు. అనుకున్నట్టే లేచి వచ్చాడు కదా, ఉంటాడనుకున్నాను నేను.

మర్నాడు పొద్దున్న చేతిసంచీ సర్దుకున్నాడు. మా ఆవిడ గుమ్మానికి అడ్డం కూర్చుంది. "నన్ను తొక్కుకుంటూ వెళ్ళు" అంది.

"తిడతారని భయపడి పోవట్లేదక్కా. తిట్టించుకోవడానికే వచ్చాను. పోనీ వీళ్ళు మర్చిపోయినా బాగుండేది." వాడు నావైపు తిరిగాడు. "నా తప్పు నాదగ్గరుందనుకున్నాను బావా ఇన్నాళ్ళూ. అది కూడా నాది కాదట. ఆ మేకుకి వేలాడేవాడు ఇంకెవడో. వాడుండే వీధిలో నేనెవరినని ఉండను?"

"ఉండరా" అన్నాను. అది ఒక్కటే అన్నాను.

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రెండు వేళ్ళు నాకు ప్రత్యేకంగా తగిలాయి. తర్వాత అక్క చెయ్యి పట్టుకుని లేపి, వంగి ఆవిడ కాళ్ళు తాకి, వెనక సందులోంచి వెళ్ళిపోయాడు.

"ఆ పూట నీ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అంది మా ఆవిడ. అప్పట్నుంచి ఆవిడకి నాతో పనులే ఉన్నాయి, మాటల్లేవు. అన్నం పెడుతుంది, నీళ్ళ గ్లాసు చప్పుడయ్యేలా పెడుతుంది. వెనక గదిలో నులకమంచం తీయలేదు.

కండక్టరు కొన్నాళ్ళు రాలేదు. వేరేచోట గీయించుకున్నాడేమో, చెంప మీద గాటుతో వచ్చాడు ఒక మధ్యాహ్నం. షాపులో ఇంకెవరూ లేరు. నురగ పట్టించి, గొంతు దగ్గర కత్తి ఆనించాక అన్నాను.

"నీకు తెలుసు."

"కత్తి గొంతు మీద పెట్టి అడక్కన్నా."

తీశాను. అతను కళ్ళు మూసుకునే మాట్లాడాడు. "కేక వినగానే తెలిసింది. అదే కేక. చిన్నప్పుడు వల వెనక నిలబడి విన్నాను, ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ ముసలాయన నీకేమవుతాడు?"

"బావమరిది."

అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"బస్సులో ఎక్కేవాడూ తిడతాడు, దిగేవాడూ తిడతాడు. ఇంట్లో నేను నోరు తెరిస్తే పిల్లలు లేచి అవతలికి పోతారు. ఏడాదికి ఒక్క పూట ఈ షాపంతా నన్ను చూస్తుంది. అదొక్కటే వచ్చు నాకు. అది కూడా అబద్ధమని ఒప్పుకుంటే నాకింకేం మిగులుతుందన్నా?"

నేను రెండో చెంప గీశాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగాడు, ఏదో అడగబోయి వెళ్ళిపోయాడు.

సీజన్ తిరిగి వచ్చింది. కింది డివిజన్‌లో కూడా మావాళ్ళు ఓడిపోయారు. ఆఖరి మ్యాచ్ అయ్యాక షాపు నిండింది. బెంచీ జరిపారు, సీసాలు పెట్టారు. వెనక బండ మీద దెబ్బలు పడుతున్నాయి. లైన్‌మ్యాన్ తన పిల్లిని చేశాడు. తర్వాత కండక్టరు లేచాడు.

మోకాళ్ళు వంచాడు. నోరు తెరవలేదు. తువ్వాలు ఉండ వచ్చింది. అతని ఎడమచెయ్యి చాచుకుంటూ వెళ్ళింది, వేళ్ళు విప్పుకున్నాయి, ఒళ్ళంతా దాని వెనకే వెళ్ళింది. ఉండ వేళ్ళకి తగిలి వెనక్కి పోయింది. అతను మోకాళ్ళ మీదికి దిగి, అలాగే ఉండిపోయాడు.

షాపు నవ్వు కోసం చూసింది. రాలేదు.

"ఏంట్రా ఇది?" అన్నాడు లైన్‌మ్యాన్. "మర్చిపోయావా?"

వెనక దెబ్బలు ఆగాయి. కండక్టరు అద్దంలో నాకోసం వెతికాడు. నేను తోలు పట్టీ మీద కత్తి సాన పెడుతున్నాను. ఒక్కమాట చాలు, నేను అంటే అతనూ అనేవాడు. నేను కత్తి తిప్పి రెండో వైపు రుద్దడం మొదలుపెట్టాను.

"చెయ్యి జారింది" అన్నాడు కండక్టరు. "మళ్ళీ వెయ్యి."

లేచి నిలబడి నోరు తెరిచి ఆకాశంలోకి చూశాడు. ఉండ చంక కిందనుంచి దూరిపోయింది. ఠప్పుమని చప్పట. కూలబడి, చేతులు జోడించి, "మళ్ళీ దయచేయండి" అన్నాడు.

షాపు పగిలిపోయింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. వెనక బండ మీద దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి.